కొసరు

మా అమ్మ కోరుట్ల అంగట్ల మిరపకాయలమ్మేది.
కొనేటోళ్ల ఉపాయాలన్ని అమ్మేటోళ్లకే ఎరుక.
మొదలు ధర నువ్వు చెప్పకు బిడ్డా, అనేది,
మొదలు నోరు తెరిచినోని సంచే ఖాళీ.

ఈ ముచ్చట నాకు యాదికొచ్చింది
షార్జాల, పన్నెండంతస్తుల మిద్దె మీద,
ఆగస్టు నెల, పొద్దుగాల పదింటికే
నీళ్ల ట్యాంకు మీద చెయ్యి పెట్టరాని ఎండల
ఏసీ డబ్బా విప్పుకొని కూసున్నప్పుడు.
ఫోన్ మోగింది. వసూలు కంపెనీ.
పేరు దినేశ్ అన్నడు, హిందీల.
ఇరవై ఏడు వేల ఆరువందల నలభై దిర్హాములు అన్నడు.
లింబాద్రి అనెటందుకు మూడుసార్లు తడబడ్డోడు
ఆ అంకె మాత్రం ఒక్కపారికే పలికిండు.

తీస్కున్నది పన్నెండు వేలు.
కంపెనీ మూతవడ్డ నాలుగు నెలలు
ఆ కార్డే బియ్యం, ఆ కార్డే రూము కిరాయి.
అబద్ధమెందుకు, ఒక సెంటు సీసా గూడ ఉన్నది అండ్ల,
ఒక రాత్రి బిర్యాని, ఆరుగురికి.
మిగిలిందంత మిత్తి.
అసలు కంటే మిత్తి ముద్దంటరు గద,
ఆ మాట పుట్టిచ్చినోడు కార్డు గీకినోడు కాదు.

అంగట్ల బేరమైతే చేతిల వస్తువుంటది,
ఇరిచి చూస్తం, వాసన చూస్తం.
ఇది ఎన్నడో తిని అరిగిన బియ్యానికి బేరం.
ఏ పుచ్చు చూపిచ్చి తక్కువ చెయ్యమంటం?
చూపియ్యాలంటే నన్నే చూపియ్యాలె.

ఇరవై రెండు, అన్నడు దినేశ్, నీ కోసం.
నేనేం అనలే.
కేసైతది, ఎయిర్‌పోర్టుల ఆపుతరు, అన్నడు.
కడుపుల చెయ్యి పెట్టి తిప్పినట్టయింది.
అయినా అనలే.
మా ఇద్దరి నడుమ కంప్రెసరొక్కటే మాట్లాడింది.
పద్దెనిమిది.
అయిదు, అన్న. ఒక్కపారే, నగదు.
నవ్విండు. పెట్టేసిండు.

దుకాణం ఇడిసి ఏడడుగులు నడువు, అనేది అమ్మ,
ఏడో అడుగుకు పిలుస్తరు.
పిలువకపోతే?
పిలువకపోతే ఉత్తచేతులతోటి ఇంటికి పోవుడే.
నాకు పోయే ఇల్లు గూడ
ఆ ఎయిర్‌పోర్టు అవతలనే ఉండె.

దినానికొక్క అడుగు. ఏడు దాటి ఇంకో రెండు.
నెలాఖరు నాడు మోగింది.
గొంతు మారింది వానిది. యెనక ఎవలో గదమాయిస్తున్నరు,
నన్ను కాదు, వాన్ని.
తొమ్మిదిన్నర వేలకు తెగింది.

మా క్యాంపుల చిట్టి నడుస్తది, నెలకు వెయ్యి, పన్నెండు మందిమి.
ఆ నెల పాటల పదిహేను వందలు ఇడిసిపెట్టి నేనే ఎత్తుకున్న.
ఒక దిక్కు తగ్గిచ్చుకున్న, ఒక దిక్కు తగ్గిన.
లెక్క కలిసిందా అంటే నాకు తెల్వది.
నిద్రయితే పట్టింది.

పైసలు ముందు, కాగితం తర్వాత, అన్నడు.
తక్కెడ ముల్లు చూడంది చేతిల పైస ఇడువద్దు.
కాగితమే ముందు, అన్న, బాకీ లేదని, ముద్రతోటి.
గదే నా కొసరు.
వచ్చింది. మా మఖ్దూం చదివిండు,
ఇంగ్లీషుది ఒకపారి, అరబ్బీది ఒకపారి.
నా పేరు తప్పు రాసిండ్రు.
తిప్పి పంపిచ్చిన. సక్క చేసినంకనే కట్టిన.

మూడు వారాలైనా
జేబుల ఫోన్ వణికితే కాళ్లు వణికేటియి.
మళ్ల అదే నంబరు.
ఎత్తాల్నా వద్దా అనుకుంటనే ఎత్తిన.
లింబాద్రీ భాయ్, అన్నడు. ఈసారి తడబడలే.
నీ ఫైల్ల ఏసీ మెకానిక్ అని రాసున్నది.
మా రూముల ఎనిమిది మందిమి పంటం, అసలు చల్లగైతలేదు.
ఎంత తీస్కుంటవ్?

నువ్వెంతిస్తవ్? అన్న.

సప్పుడు లేదు.
వాడు గూడ ఏదో అంగట్ల పెరిగినోడే.
ట్యాంకు నీడల నిలవడి
నేను అడుగులు లెక్కవెడుతున్న.